రోకటిపోటు మాటున మాట

పూర్వం కృతయుగం చివరిపాదంలో, సహ్యపర్వత సానువుల్లోని వీతిహోత్రపురాన్ని శ్రుతకేతుడనే రాజు ఏలుతుండేవాడు. పినతండ్రి కుట్ర పన్ని తండ్రిని చంపించగా, చిన్ననాడే మనసులో భయం నాటుకున్న ఆ భూపాలుడు, ఘోరతపస్సు చేసి, సర్వప్రాణాధారుడైన వాయుదేవుణ్ణి మెప్పించి, "ప్రభంజనా! నా రాజ్యంలో ఎవరు ఏ మూల ఏమాడినా నా చెవిన పడాలి" అని వరమడిగాడు. "తథాస్తు" అన్నాడు దేవుడు. అడిగినది దేవతలు ఇస్తారు. అడగదగినదో కాదో మనమే చూసుకోవాలి.

కుట్రలు దొరికాయి. వాటితోపాటు పట్టమహిషి వైజయంతి తన చెలికత్తెతో పతిదేవుడి గురక గురించి నవ్వుతూ ఆడిన మాటా దొరికింది. మర్నాడు భోజనాల వేళ రాజు దాన్ని వేళాకోళంగా అప్పజెప్పాడు. రాణి ముఖం పాలిపోయింది. ఆనాటి నుంచి ఆమె ఆయనతో మాట్లాడలేదు.

గోడలకు చెవులుంటాయంటారు, ఇక్కడ గాలికే ఉన్నాయని తెలిశాక జనం ఊరుకుంటారా? ఇంటింటా వట్టి రోళ్లు దంచుతూ, ఆ చప్పుడు మాటున గుసగుసలాడుకోసాగారు. మంత్రులు సైతం మంతనాలకు రోలు మోయించుకుని వచ్చేవారు. రాజుకు రేయింబవళ్లు రోకటిపోట్ల మోత తప్ప మరేమీ వినరాలేదు. అంతమంది నడుమ ఆయనొక్కడే ఒంటరివాడయ్యాడు. చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవా! అయినా ఆయన్ను తలచుకుంటే జాలేస్తుంది.

రోకటిపోటును చీల్చుకుని వినే శక్తి కోరదామని రాజు మళ్లీ తపోవనానికి బయలుదేరాడు. అక్కడ మహాతపస్వి అయిన శాంతశ్రవుడు ఆయన్ను నిలిపి, "మహారాజా! నీతో ఎవరైనా మాట్లాడి ఎంతకాలమైంది?" అని అడిగాడు. రాజు వెక్కి వెక్కి ఏడ్చాడు.

తపస్సుకు మెచ్చి వాయుదేవుడు ప్రత్యక్షం కాగానే, రాజు "స్వామీ! నన్ను ఉద్దేశించి ఆడిన మాట తప్ప మరేదీ నా చెవిన పడనీయకు" అని వేడుకున్నాడు. దేవుడు అనుగ్రహించాడు.

రాజు మరలివచ్చి, అంతఃపురంలో వట్టి రోలు దంచుతున్న రాణి ఎదుట నిలిచి, "దేవీ! ఇక నీ రహస్యాలు నాకు వినబడవు" అన్నాడు. ఆమె నమ్మలేదు. వెనక్కి తిరగమని సైగ చేసింది. ఆయన తిరిగాడు. ఆమె రోకలి ఆపి, ఇన్నాళ్లూ గుండెల్లో దాచుకున్నదంతా గాలికి చెప్పేసింది. రాజుకు ఒక్క అక్షరమూ అందలేదు. ఏమన్నావని అడగనూ లేదు.

రాణి కళ్లు తుడుచుకుని, చెలికత్తెను పిలిచి రోట్లో వడ్లు పోయించింది. ఆ కబురు పాకి, నగరమంతటా రోళ్లు మళ్లీ ధాన్యానికే పనికొచ్చాయి.

"ప్రభూ! వంటకు ఆలస్యమవుతుంది, కాస్త కూర్చోండి" అంది రాణి.

ఆ మాట రాజుకు వినబడింది.