మాణిక్యం పథ్యం

శ్రావణ బహుళ పంచమి, బుధవారం, పగలు పదకొండు గంటల వేళ నరహరి తన వైద్యగురువు చిదంబరయ్యగారిని ఆ ప్రశ్న అడిగాడు. అప్పటికి ఊరంతా ముసురు జ్వరాలు. మందులు నూరీ నూరీ అతని అరచేతులు బొబ్బలెక్కాయి. ఇల్లిల్లూ తిరిగిన కాళ్ళు ఇక మొరాయిస్తున్నాయి. కల్వం పక్కన చతికిలబడి, "గురువుగారూ, ఒంటికి మందిస్తాం, బాగానే ఉంది. మనసూ ఆత్మా కూడా వైద్యుడే చూసుకోవాలంటారు మీరు. అవీ నెత్తికెత్తుకుంటే ఇక మనమెక్కడ బతుకుతామండీ?" అన్నాడు.

అడిగిన వెంటనే జవాబు చెప్పడం చిదంబరయ్యగారి అలవాటు కాదు. చేతిలోని శొంఠి కొమ్ము నిదానంగా గీకడం పూర్తిచేసి, "కోటిలింగం భార్యకి ఎలా ఉంది?" అన్నారు.

నరహరి మొహం వాడిపోయింది. అతనికి కంటిమీద కునుకు లేకుండా చేస్తున్నది ఆ ఇల్లే. ఆ ఇల్లాలు మాణిక్యానికి జ్వరం దిగింది, నాలుక శుభ్రపడింది, నాడి కుదుటపడింది. లంఖణాలు చాలించి పథ్యం తినమని తనే చెప్పాడు. కానీ ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. ఆకలి పుట్టించే కషాయాలన్నీ అయిపోయాయి. మనిషి రోజురోజుకీ చాపకి అంటుకుపోతోంది. ఒళ్ళో చూస్తే ఇంకా పాలు మానని పిల్ల.

"నా దగ్గర ఇంక మందు లేదండీ. ఇలాగే ఉంటే ఆవిడ దక్కదు," అన్నాడు.

"పద," అని గురువుగారు గొడుగు అందుకున్నారు.

మాణిక్యం అత్తగారు పేరిందేవమ్మ వసారాలో కూర్చుని వత్తులు చేసుకుంటోంది. "రండి, చిదంబరయ్యగారూ! మీ శిష్యుడి మందుల్లో చేదుకేం లోటు లేదు, గుణమే కనబడదు," అంది.

నరహరి తల దించుకున్నాడు. గురువుగారు మాత్రం ఖాళీగా ఉన్న చాపని ఒకసారి చూసి, తిన్నగా వంటింటి గుమ్మం దగ్గరికి నడిచారు. లోపల మాణిక్యం ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో గంటె తిప్పుతోంది. పొయ్యి ఊదడానికి వంగింది, ఊపిరి చాలక అలాగే కూలబడింది.

"ఎవరికమ్మా ఆ వంట?"

"పథ్యమండీ. నాకే," అంది మాణిక్యం, కొంగు సర్దుకుంటూ.

"దానంత బాగా పథ్యం వండేవాళ్ళు ఈ ఇంట్లో ఇంకెవరున్నారు?" అంది వెనకనుంచి పేరిందేవమ్మ. "నా వాతానికీ, మావాడి కామెర్లకీ అదే కదా వండిపెట్టింది! ఎలా వండాలో మీ శిష్యుడు కూడా దానికే చెప్పి వెళ్ళాడు."

నరహరికి తను చెప్పిన మాట గుర్తొచ్చింది. నిజమే. ఆ ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా, పథ్యం సంగతులు తలుపు చాటున నిలబడి వినేది ఆవిడే. ఈసారి చాపమీద పడుకున్నదీ ఆవిడే. అయినా అలవాటు కొద్దీ, "పాతబియ్యం మెత్తగా వండమ్మా, మిరియాల చారు పలచగా కాచు," అని ఆవిడతోనే చెప్పాడు. ఆవిడ పడుకునే, "అలాగేనండీ," అంది. ఇద్దరికీ అందులో వింతేమీ తోచలేదు.

"కడుపునిండా తినమ్మా," అన్నారు చిదంబరయ్యగారు మెల్లగా.

"వండేసరికే నిండిపోతోందండీ," అంది మాణిక్యం.

ఆయన పేరిందేవమ్మ వైపు తిరిగారు. "అక్కగారూ, రేపటి మందు మీ చేత్తో తయారవ్వాలి. పొద్దున్నే పథ్యం మీరు వండండి."

"నేనా! పొయ్యి మొహం చూసి ఎన్నేళ్ళయిందో!"

"మందుకి తేనె కలిపినట్టు దీనికీ ఒకటుంది. ఆమె తింటున్నంతసేపూ మీరు పక్కన కూర్చోవాలి. ఆమె లేచాకే మీరంతా తినాలి."

మర్నాడు తెల్లవారేసరికి పేరిందేవమ్మ స్నానం చేసి పొయ్యి రాజేసింది. కోటిలింగం పిల్లని భుజాన వేసుకుని పుల్లలు అందించాడు. అన్నం కొంచెం అడుగంటింది. ఆవిడే కలిపి, ముద్ద చేసి కోడలి చేతిలో పెట్టి, పక్కనే కూర్చుంది. ఇంట్లో ఇంకెవరూ విస్తరి వేసుకోలేదు. మాణిక్యం చాలాసేపు ఆ ముద్దకేసి చూసింది. తర్వాత తినడం మొదలుపెట్టింది.

నరహరి ఆ ఇంటినుంచి పరుగున వచ్చాడు. "తిన్నదండీ! చారు మళ్ళీ అడిగి పోయించుకుంది! ఏం వేశారో ఆ చారులో!"

"అక్కగారు ఉప్పు వెయ్యడం మరిచిపోయారట. కోటిలింగం ఇందాకే వచ్చి చెప్పి నొచ్చుకున్నాడు," అన్నారు చిదంబరయ్యగారు. కల్వం వైపు వెళ్ళబోతున్న శిష్యుణ్ణి ఆపి, అతని అరచేతులు తిప్పి చూశారు. "ఆ నూరడం అలా ఉండనీరా. నువ్వేమైనా తిన్నావా?"