మంచుతల్లి కూర్చున్న చోటు

అనగనగా ఒక ఊళ్ళో, జ్యేష్ఠ శుద్ధ దశమి, బుధవారం, సూర్యుడు నడినెత్తికి వచ్చిన వేళ, ఒక ముసలావిడ మొగుడి పేరున పెట్టిన రాయిని తన చేత్తోనే ఎత్తి పక్కన పెట్టింది. నవ్వకే బుజ్జీ, విను. మా మేనత్త బదరీ యాత్రకి వెళ్ళినప్పుడు ఆవిడింట్లోనే రెండు రోజులు బస చేసింది. అందుకే తిథీ వారంతో సహా మనింట్లో చెప్పుకుంటాం.

ఆ ఊరు మంచుకొండల ఒళ్ళో ఉంది. ఎప్పుడో యుగాల కిందట మంచుతల్లి, అంటే ఏరులా కదిలే పెద్ద మంచుగడ్డ, కొండ మీంచి దిగొచ్చిందట. ఎంత మెల్లగా అంటే, మన గడప దగ్గర్నించి వీధి అరుగు దాకా రావడానికి ఒక ఏడాది పట్టేంత మెల్లగా. కొండని గీరుకుంటూ, రాళ్ళని ముందుకు తోసుకుంటూ వచ్చి, ఒకచోట చతికిలబడింది. ఆ తర్వాత ఎండలు ముదిరాయి. తల్లి మెల్లగా వెనక్కి వెళ్ళిపోయింది. ఆవిడ కూర్చున్న చోట పెద్ద గొయ్యి పడింది. తోసుకొచ్చిన రాళ్ళు గట్టయ్యాయి. కరిగిన మంచు నిండి చెరువైంది. పాలల్లో నీలిమందు కలిపినట్టుండేదట ఆ నీళ్ళ రంగు!

ఆ గట్టుకి ఒకచోట అలుగుంది. నిండగా మిగిలిన నీళ్ళు అందులోంచి పొర్లి, ఏరై ఊళ్ళోకి వచ్చేవి.

ఊళ్ళో ఎవరైనా పోతే, వాళ్ళ పేరు చెప్పి ఒక రాయి తీసుకెళ్ళి ఆ అలుగులో పెట్టేవారు. పోయినవాళ్ళ కాళ్ళు మంచుతల్లి కడుగుతుందని వాళ్ళ నమ్మకం. ఒకసారి పెట్టిన రాయిని ఇక ముట్టుకోకూడదు. ఇందాక చెప్పిన ముసలావిడ బచూలి కూడా మొగుడి పేరున ఒక రాయి పెట్టుకుంది. ఆవిడకి ఒక కోడలు, సరూలి. కొడుకు గొర్రెల్ని తోలుకుని పైమేతకి పోయాడు.

ఆ ఏడు ఏరు సన్నబడింది. పైన చెరువేమో పెరుగుతోంది. ఊరందరికీ గుండెల్లో రాయి పడింది. అవతలి లోయలో ఒకసారి ఇలాగే గట్టు తెగి, ఒక్క పూటలో ఊరు ఊరంతా కొట్టుకుపోయింది మరి.

అప్పుడు తల్లి శాంతించాలని చెరువులో పాలు పోశారు. నీళ్ళు జానెడు పెరిగాయి. ఆ తర్వాత గంట కట్టారు. మూరెడు పెరిగాయి. ఆ తర్వాత తాతముత్తాతల పేర్లన్నీ తలుచుకుని ఇంకా బోలెడు రాళ్ళు పెట్టారు. నిలువెత్తు పెరిగాయి!

చంటిదాన్ని వీపున కట్టుకుని వచ్చిన సరూలి అది చూసింది. "అత్తా, అలుగు మూసింది మనమే. ఈ రాళ్ళే," అంది.

"నోర్ముయ్!" అంది బచూలి. "నిన్నగాక మొన్న కాపురానికొచ్చావు. మా పెద్దవాళ్ళకి లేని తెలివి నీకొచ్చిందా?"

ఊరి పెద్ద గుమాన్ సింగు పకపకా నవ్వాడు. "పోయినవాళ్ళని లేపి తరిమేయడం వీళ్ళ పుట్టింటి ఆచారం కాబోలు!"

సరూలికి కళ్ళనీళ్ళు తిరిగాయి. అయినా తగ్గలేదు. "అత్తా, మామగారే ఉంటే, మనవరాలి కోసం కాస్త పక్కకి జరగరూ?"

బచూలి చంటిదాని వంక చూసింది. నిండుగా ఉన్న చెరువు వంక చూసింది. ఆ తర్వాత వంగి, మొగుడి రాయిని రెండు చేతులా పట్టుకుంది.

"లేవయ్యా, ఇన్నేళ్ళు కూర్చున్నావు చాలు. పిల్లకి దారివ్వు."

ఆ రాయిని ఎత్తి, చెంగుతో తుడిచి, గట్టు పైన ఎండలో కూర్చోబెట్టింది.

"మా అమ్మ ఊరుకోదు," అని తల్లి పేరున పెట్టిన రాయి వంక చూస్తూ గొణిగాడు గుమాన్ సింగు.

"మీ అమ్మ నీకంటే మంచిదిలే, ఎత్తు!" అంది బచూలి.

అప్పుడు అందరూ వంగారు. పైనుంచి ఒక్కొక్కటే, ఎవరి రాయిని వాళ్ళు, పేరు చెప్పి తీశారు. తొందరపడితే గట్టే తెగుతుందని సరూలి పక్కనే ఉండి చూసుకుంది. ముందు దారమంత నీరు వచ్చింది. ఆ తర్వాత జడంత. పొద్దు వాలేసరికి మనిషి నడుమంత ధార! ఊళ్ళో ఏరు మళ్ళీ గలగలమంది. చెరువు మెల్లగా తగ్గడం మొదలుపెట్టింది. తల్లికి కావలసింది మన రాళ్ళు కాదమ్మా, ఆవిడ నడిచే దారి.

మర్నాడు పొద్దున్నే అత్తాకోడళ్ళు ఏటి పక్క మడిలోకి దిగారు. వరదొస్తుందని ఆ ఏడు ఎవరూ గింజ వెయ్యని మడి అది. సరూలి పెళ్ళలు కొట్టింది. బచూలి దణ్ణం పెట్టుకుని చోళ్ళు చల్లింది. చంటిది బుట్టలో పడుకుని, నీళ్ళ చప్పుడు వింటూ నిద్రపోయింది.

కథేమో కంచి దారి పట్టింది,
ఏరేమో పల్లం దారి పట్టింది,
మా బుజ్జి కంటిపాప నిద్ర దారి పట్టింది.