తరవాణి తాగిన పడవ

అనగనగా అన్నానంటే నువ్వు ఊఁ కొట్టాలి మరి. కొట్టకపోతే నేనూ పడుకుంటా, నాకేం.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో దానయ్య, పైడమ్మ అని మొగుడూ పెళ్ళాం. వాళ్ళకి పిల్లల్లేరు. ఒక చిన్న చెక్క పడవ ఉంది. పైడమ్మ దానికి నీలాలు అని పేరు పెట్టుకుంది. పొద్దున్నే దాని మొహాన పసుపు రాసి బొట్టు పెట్టేది.

వేసవి వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలం, ఎవరూ వేటకి వెళ్ళకూడదు. అప్పుడు అందరూ పడవల్ని ఒడ్డుకి లాగి, తడి ఆరకముందే అడుగున పట్టిన గుల్లల్ని గోకేశారు. మన దానయ్య మాత్రం "రేపు చూద్దాంలే" అని చుట్టాలింట్లో పెళ్ళికి పోయాడు. మహానుభావుడు, పెళ్ళయ్యాక కూడా అక్కడే తిని కూచున్నాడు. తిరిగొచ్చేసరికి గుల్లలన్నీ ఎండకి రాయిలా బిగుసుకుపోయాయి.

గుల్లలు పట్టిన పడవ బరువెక్కుతుంది. అందరికంటే వెనకొస్తుంది. అప్పటికి చేప మెత్తబడిపోతుంది, ఎవరూ కొనరు.

దానయ్య ఉలి పెట్టి కొట్టాడు. గుల్ల ఊడలేదు, చెక్క లేచొచ్చింది. ఆ తర్వాత తాటాకులు వెలిగించి సెగ చూపించాడు. గుల్ల కదల్లేదు, పూసిన తారు కరిగి కారింది.

"ఇంక దీని పని అయిపోయిందే. వేట మొదలయ్యేలోగా ఇవి పోకపోతే విరగ్గొట్టి పొయ్యిలో పెట్టుకుందాం," అన్నాడు.

పైడమ్మ అన్నం ముట్టలేదు. కంచం ముందు నుంచి లేచిపోయి, పడవ నీడన ఒరిగింది. ఏడ్చి ఏడ్చి అలాగే కన్నంటుకుంది.

అప్పుడు కలొచ్చింది. కలలో సముద్రం చప్పుడు చెయ్యకుండా వచ్చి వాకిట్లో కూచుంది. దాని మీద నీలాలు మెల్లగా ఊగుతోంది. గుల్లలు చిన్న చిన్న తలుపులు తీసుకుని చూస్తున్నాయి.

"అమ్మా, వీళ్ళు చెడ్డవాళ్ళు కాదే. దాహమేసి నన్ను పట్టుకుని వేలాడుతున్నారు. పుల్లగా ఇన్ని నీళ్ళు పొయ్యవే," అంది నీలాలు.

పైడమ్మ దిగ్గున లేచింది. గంజి పులియబెట్టిన తరవాణి కుండ ఎత్తుకొచ్చి, గోనెసంచులు అందులో ముంచి పడవ ఒంటికి కప్పింది.

"నోట్లోకి పోయేది పడవకి పోస్తావా? కళ్ళు పోతాయే," అన్నాడు దానయ్య.

"కూతురికి పోసుకుంటే కళ్ళెందుకు పోతాయి?" అంది పైడమ్మ.

ఒక కుండ అయిపోయింది. గుల్ల కదల్లేదు. ఆ తర్వాత పక్కింటివాళ్ళు నవ్వుతూనే ఇంకో కుండ ఇచ్చారు. పుల్లటి వాసనొచ్చింది గానీ గుల్ల కదల్లేదు. మూడో కుండ పోసి, బాగా నాననిచ్చి, కొబ్బరిచిప్పతో ఇలా గీకింది చూడూ, టపటపా రాలిపోయాయి. నిద్దట్లో పిల్లాడి గుప్పిట విడినట్టు వదిలేశాయి.

పైడమ్మ వాటిని బుట్టకెత్తి సముద్రంలో కలిపింది. గంగమ్మవి గంగమ్మకే ఇవ్వాలి కదా.

తిరిగొచ్చేసరికి దానయ్య పడవ పక్కన చతికిలబడి ఉన్నాడు. ఉలి దెబ్బ తగిలిన చోట అరచెయ్యి పెట్టి, "నొప్పి పుట్టిందా తల్లీ?" అని అడుగుతున్నాడు.

వేట మొదలైన రోజు అందరికంటే ముందు ఒడ్డుకొచ్చింది ఎవరనుకున్నావ్? మన నీలాలే. దానయ్య దిగీ దిగగానే, పడవ ఒళ్ళింకా తడిగా ఉండగానే దాన్ని శుభ్రంగా గోకి, ఆ తర్వాతే అన్నానికి వెళ్ళాడు.

ఊఁ కొట్టడం మానేశావేం? సరేలే.

కథ కంచికి,
గుల్లలు గంగకి,
నీలాలు నీళ్ళకి,
నిద్దర నీ కళ్ళకి.