సుద్దగీత పడని కుర్చీ

కాకినాడలో లెక్కల మాస్టారుగా రిటైరైన తారకేశ్వరరావుకు ఎదుటివారి తప్పు ఇట్టే కనిపించేది కానీ, తన తప్పు ఇంకొకరి కంట పడితే మాత్రం ప్రాణం పోయినట్టుండేది. ముప్పైయేళ్ళు ఎర్రసిరాతో సున్నాలు చుట్టిన చెయ్యి మరి!

ఆయన ఊళ్ళోని కొయ్యపని క్లబ్బులో చేరాడు. నెలకో ఆదివారం ఉదయం సభ్యులు తాము చేసిన వస్తువులు తెచ్చి చూపించుకునేవారు. అక్కడొక నియమం ఉండేది. తెచ్చినవారు ముందుగా తమ వస్తువులోని తప్పు తామే చెప్పి, ఆ చోట సుద్దముక్కతో గీత పెట్టాలి. చప్పట్లు ఆ తర్వాతే.

ఒకసారి అంగన్‌వాడీ పిల్లలకు ఇరవై బుల్లి కుర్చీలు చేసివ్వాలని క్లబ్బు ఒప్పుకుంది. ఎవరి నమూనా బాగుంటే ఆ కొలతలతోనే అందరూ చెయ్యాలి. ఆ గౌరవం తనకే దక్కాలని మాస్టారు నెలంతా తపించిపోయాడు.

ముందుగా రిటైర్డ్ నర్సు హైమవతి తన కుర్చీ బల్ల మీద పెట్టింది. “ఇది కుంటుతోందండీ. ఒక కాలు పొట్టిగా కోసేశాను,” అంటూ గీత పెట్టింది. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది.

మాస్టారి కుర్చీ మెరిసిపోతోంది. నిజానికి రెండు కాళ్ళను కలిపే అడ్డపట్టీని, కాలికి తొలిచిన బెజ్జంలోకి దిగగొడుతుంటే దాని కాలొకటి చీలింది. ఆయన ఆ చీలికలో రంపపుపొట్టూ జిగురూ కలిపి కూరి, పైన పాలిష్ పట్టించాడు.

క్లబ్బుకు పెద్ద రవూఫ్. నలభై ఏళ్ళు వడ్రంగం చేసినవాడు. “తప్పెక్కడుందో గియ్యండి మాస్టారూ,” అంటూ సుద్దముక్క అందించాడు.

“ఉంటే కదా గియ్యడానికి!” అన్నాడు మాస్టారు.

రవూఫ్ కుర్చీని తిరగేసి బోర్లేసి చూశాడు. పైకి ఏ లోపమూ కనిపించలేదు. చప్పట్లు మోగాయి. ఆ కొలతలే ఖాయమయ్యాయి. ఒక సభ్యుడు తన పాత ఇంటి టేకు దూలాలు విరాళమిచ్చాడు. హైమవతి, రవూఫ్, మరో ఇద్దరు తలా ఐదు కుర్చీలు పంచుకున్నారు.

మరుసటి సమావేశానికి హైమవతి తల వంచుకుని వచ్చింది. ఆమె చేతిలో చీలిన కుర్చీకాళ్ళున్నాయి.

“నాకు పనితనం చాలదండీ. మంచి టేకు పాడుచేశాను,” అని చీలిక మీద గీత పెట్టింది.

తర్వాత వచ్చిన ఇద్దరూ అచ్చం అక్కడే గీతలు పెట్టారు. చివరికి రవూఫ్ కూడా చీలిన కుర్చీకాలు పట్టుకుని లేచాడు.

“బెజ్జం కాలి పైకొసకు మరీ దగ్గరైందేమోనని తొలుస్తున్నప్పుడే అనిపించింది. కానీ మాస్టారి కుర్చీ నిలబడింది కదా! అంటే లోపం నా చేతిదే. వయసైపోయింది. ఇక ఉలి పట్టను,” అన్నాడు.

మాస్టారు కూర్చున్నచోట నిలవలేకపోయాడు. ఎంత సిగ్గేసిందో చెప్పలేం. లేచి వెళ్ళి, నమూనాగా అక్కడే ఉంచిన తన కుర్చీ పాలిష్‌ను ఉలితో గీకేశాడు. లోపలి చీలిక బయటపడింది.

“తప్పు నాది. మీ చేతులది కాదు. ఉలి వదలొద్దు రవూఫ్ గారూ,” అన్నాడు.

రవూఫ్ ఆ చీలికను వేలితో తడిమాడు. “ఆ రోజే చెప్పుంటే బెజ్జం అంగుళం కిందికి దించేవాళ్ళం మాస్టారూ. నష్టం ఒక్క కాలితో పోయేది,” అన్నాడు.

టేకు అయిపోయింది. వేరే కలప దొరికేదాకా పిల్లలు చలికాలమంతా గచ్చు మీదే కూర్చున్నారు. ఆ సంగతి అంగన్‌వాడీ టీచరుకు మాస్టారే స్వయంగా వెళ్ళి చెప్పుకోవాల్సి వచ్చింది.

నీతి: మనం దాచిన తప్పు మన దగ్గరే ఆగిపోదు, మనల్ని నమ్మినవాళ్ళందరి చేతా అదే తప్పు చేయించి, నింద కూడా వాళ్ళ మీదే వేస్తుంది.