నలభై ఐదు గింజలు ఏమైనట్టు?

ఎండాకాలం వచ్చిందంటే నల్లగుట్ట అడవిలో నీళ్ళుండేది ఒక్క మడుగులోనే. దాని చుట్టూ ఐదు పేటలు. ప్రతి పేటలోనూ పందులూ కుందేళ్ళూ కలిసే కాపురం. కలిసి అంటే, వాళ్ళు బురదలో, వీళ్ళు బొరియల్లో. అందరికీ పెద్దమనిషి మెలికలయ్య అనే నక్క. ఆ పెద్దరికం ఎవరిచ్చారని అడక్కండి, తనే తీసుకున్నాడు.

మడుగులో ముందెవరు దిగాలన్న తగువు తెగక, మెలికలయ్య ఎన్నికలు పెట్టాడు.

"పేటకో మెంబరు. ఐదుగురు మెంబర్లలో ఎక్కువమంది ఏదంటే అదే మడుగు చట్టం. ఇల్లు ఏ పేటలో ఉంటే ఓటు అక్కడే. ఓటంటే నేరేడు గింజ. ఒక్క గింజ ఎక్కువొచ్చినా సీటు వాళ్ళదే. నెలనెలా ఎన్నిక" అన్నాడు.

గింజలు పడ్డాయి. ఏ పేటలో చూసినా పందుల కుప్పలో పదకొండు, కుందేళ్ళ కుప్పలో తొమ్మిది. ఐదో పేటలో పందులు పదిమందే గానీ, పదకొండో గింజ సాక్షాత్తూ మెలికలయ్యగారిది. ఐదు సీట్లూ పందులకే పోయాయి.

చెంగమ్మ అనే కుందేలుకి లెక్కల పిచ్చి. గింజలన్నీ మళ్ళీ ఎంచి, నేరుగా నక్క దగ్గరికి పోయింది.

"మెలికలయ్య మావా, మొత్తం వందలో మావి నలభై ఐదు. మెంబర్లేమో సున్నా. మా నలభై ఐదు గింజలు ఏమైనట్టు?"

"ఓడిపోయినట్టు."

"ఓడితే తగ్గాలి గానీ, మాయమైపోతాయా?"

"గెలుపంటే గెలుపే అమ్మాయ్! ముక్కలు కోసి పంచడానికి ఇదేమన్నా పనసకాయా?"

పందుల పెద్ద బొండప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు. "నలభై ఐదు గింజలున్నాయిగా, నాటుకో! నీ మనవలు నేరేడుపళ్ళు తింటారు!"

మొదటి చట్టం ఆ పూటే వచ్చింది. పగలంతా మడుగు పందులదే, పొద్దు వాలాక మిగతావాళ్ళు తాగొచ్చు. పందులు దిగకముందు తేట నీళ్ళు మాత్రం మెలికలయ్యకి. ఎన్నికలు నడిపిన శ్రమ ఉంది కదా, పాపం!

పందులు పొర్లి లేచాక మిగిలేది చిక్కటి అంబలి. చెంగమ్మ పిల్లల్లో చిన్నది అది తాగి రెండు రోజులు లేవలేదు. వచ్చే ఎన్నిక కూడా ఓడితే పిల్ల దక్కదని తల్లికి తెలుసు. కడుపు మండిపోయింది. ఏడ్చింది. ఏడుస్తూనే దుమ్ములో గీతలు గీసి, కుందేళ్ళందరినీ పిలిచింది.

"తొమ్మిది గింజలతో ఓడినా ఓటమే, నాలుగింటితో ఓడినా ఓటమే. అవునా కాదా?"

"అవును."

"అయితే రెండు పేటలు వదిలేద్దాం. అక్కడి పద్దెనిమిది మందిలో తొమ్మిదిమంది లేచి, మిగతా మూడు పేటలకీ ముగ్గురేసి చొప్పున పదండి."

"మరి ఇళ్ళో?"

"తవ్వడం కూడా నేనే నేర్పాలా?"

పందులు మధ్యాహ్నం మెడలోతు బురదలో కళ్ళు మూసుకుని ఉండగా కుందేళ్ళు తొమ్మిది కొత్త బొరియలు తవ్వేశాయి. మెలికలయ్య చూశాడు కూడా. "ఎండకి పిచ్చెక్కినట్టుంది వీళ్ళకి" అనుకుని, పొద్దున్నే తాగిన తేట నీళ్ళ చలవతో పడుకున్నాడు.

నెల తిరిగింది. మూడు పేటల్లో కుందేళ్ళ గింజలు పన్నెండేసి, పందులవి పదకొండేసి. ఐదు సీట్లలో మూడు కుందేళ్ళవి! మెలికలయ్య మూడుసార్లు ఎంచాడు. ముచ్చటగా మూడుసార్లూ అంతే వచ్చింది.

బొండప్ప లబలబలాడాడు. "అన్యాయం! మా గింజలు యాభై ఐదు, మీవి నలభై ఐదు. మామీద మీ పెత్తనమేంటే?"

"గెలుపంటే గెలుపేనట బొండప్ప మావా. మీ గింజలు నాటుకోండి."

"పందులకి ఇక చుక్క నీళ్ళివ్వొద్దు!" అని కుర్రకుందేళ్ళు ఎగిరాయి. అబద్ధమెందుకు, ఆ మాట చెంగమ్మ చెవికి భలే కమ్మగా ఉంది. కాసేపు ఆ రుచి చూసింది కూడా. కానీ లెక్కల పిచ్చిది కదా, పై నెల లెక్క కూడా వేసుకుంది. పందులకూ కాళ్ళున్నాయి. వాళ్ళూ పేటలు మారతారు. మళ్ళీ తవ్వాలి. మధ్యలో దాహంతో పోయేది తన పిల్లో, వాళ్ళ పిల్లో.

"పేటల గోల వద్దు" అంది. "అడవి మొత్తానికి ఒకటే కుప్ప. పగటిని వంద వాటాలు చేద్దాం. ఎవరి గింజలు ఎన్నో వాళ్ళ వాటాలు అన్ని."

"కుదరదు! సంప్రదాయం ఏమైపోవాలి?" అని లేచాడు మెలికలయ్య.

"మొన్న మొన్న పుట్టిన సంప్రదాయమా?" అన్నాడు బొండప్ప. అప్పటికే అతనికి గొంతు ఎండిపోతోంది. "చెంగమ్మా, మీ వాటా పొద్దున్నే కానిచ్చేయండి. మేం దిగాక ఆ నీళ్ళు ఎవరూ తాగలేరు, మాకూ తెలుసులే."

"మరి నా సంగతి?" అన్నాడు నక్క.

చెంగమ్మ శ్రద్ధగా వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "కుందేళ్ళు నలభై ఐదు, పందులు యాభై నాలుగు, నువ్వు ఒకటి. నీ వాటా వందోది మావా, పందుల తర్వాత."

ఆ సాయంత్రం పందులన్నీ పొర్లి, ఒళ్ళు దులుపుకుని వెళ్ళాక, మెలికలయ్య మడుగులోకి దిగి ముక్కు మూసుకుని అంబలి తాగాడు.

నీతి: ఓడినవాడి ఓటును చెత్తలో పారేసే చట్టం చేసేవాడు, తను ఓడే రోజు కూడా ఒకటుందని గుర్తుపెట్టుకోవాలి.