మంత్రిగారింటికి బావినీళ్లు

రాజధానిలో కొత్త బావుల నీళ్లకు పప్పు ఉడకదు, తలజిడ్డు వదలదు, బిందెలకు తెల్లటి పెచ్చు కడుతుంది. బావులు తవ్వించిన మంత్రి మార్తాండయ్య మాత్రం అవి అమృతమనీ, కాదన్నవాళ్లకు కొరడా దెబ్బలనీ చాటింపు వేయించాడు. తనింటికి బండ్ల మీద ఏటినీళ్లు తెప్పించుకునేవాడు.

పూటకూళ్ల ఇల్లు నడిపే బుచ్చెమ్మ గిరాకీ పోయి, కడుపు మండి, నిండు సభకు వెళ్లింది.

“నీళ్ల మీద ఫిర్యాదా?” అని మంత్రి గద్దించాడు.

“అయ్యో, లేదు బాబూ! అమృతం మాకొదిలేసి తమరు ఏటినీళ్లతో సరిపెట్టుకుంటుంటే మాకు ముద్ద దిగడం లేదు. ఆ బండ్లు మా వీధికి పంపండి. బావినీళ్లు రోజూ తమరింటికి మేమే మోసుకొస్తాం.”

“న్యాయంగానే ఉంది. అలాగే కానివ్వండి,” అన్నాడు రాజు.

నెల తిరక్కుండా ఏటి నుంచి ఊళ్లోకి కాలువ పని మొదలైంది. గట్టున నిలబడి కూలీలను తొందరపెడుతున్నది మంత్రిగారే.