పటికనీళ్ల బొమ్మ

ఏటి ఒడ్డున ఒక ఊరు ఉండేది. ఆ ఊళ్లో ఎవరుండాలో ఒక గుడ్డ చెప్పేది.

ఏడాదికొకసారి ఊరివాళ్లందరి మొహాలూ ఒకే గుడ్డ మీద గీసి కోట గుమ్మానికి వేలాడదీసేవారు. ఆ రోజు ఊరంతా పొద్దున్నే బయటికి వచ్చి, ఒక్కొక్కరే మళ్లీ లోపలికి వెళ్లాలి. గుమ్మం దగ్గర భటుడు మనిషినీ గుడ్డనీ పోల్చి చూస్తాడు. మొహం ఉంటే లోపలికి. లేకపోతే ఏరు దాటి ఎటైనా పోవలసిందే. అది రాజుగారి మాట. రాజుగారిని చూసినవాళ్లు ఎవరూ లేరు కానీ, ఆయన మాట మాత్రం అందరికీ తెలుసు.

ఆ గుడ్డ గీసే ఆవిడను పటికమ్మ అనేవారు. ఆవిడ అసలు పేరు ఊరు ఎప్పుడో మరిచిపోయింది. ఈమధ్య ఆవిడకు కూడా అది వెంటనే తట్టడం లేదు.

పనేమో తలలో పెట్టుకుని చేయవలసిన పని. కరక్కాయ రసంలోనూ గేదెపాలలోనూ నానబెట్టి ఆరేసిన గుడ్డ మీద, వెదురు కలంతో పటికనీళ్లు పెట్టి గీయాలి. పటికనీళ్లకు రంగు లేదు. తడిగా ఉన్నంతసేపే గీత కనబడుతుంది. ఆరిందంటే ఏమీ గీయని గుడ్డకూ, గీసిన గుడ్డకూ తేడా తెలియదు. తరవాత దాన్ని చిరివేరు వేసిన కాగులో ఉడకబెడితే, పటిక తగిలిన చోటల్లా ఎరుపు పట్టుకుంటుంది. మిగతాది ఏటి నీళ్లకు వదిలిపోతుంది.

కాగు దగ్గర పని చెల్లెలిది. ఆవిడను కాగమ్మ అనేవారు.

పక్క ఊళ్లవాళ్లు పటికనీళ్లలో కాస్త బొగ్గుపొడి కలుపుకుంటారు, గీసింది కనబడడానికి. ఈ ఊళ్లో అది నామోషీ. "గీసింది గుర్తులేనివాళ్లకు కలమెందుకు?" అనేది వాళ్లమ్మ. ఆ మాట అక్కచెల్లెళ్లిద్దరూ వింటూనే పెరిగారు.

ఆ ఏడు పటికమ్మ కుమ్మరివీధి గీసింది, వడ్లవాళ్ల వీధి గీసింది, చేపలవాళ్లను గీసింది. అన్నీ అయ్యాక ఒక మూల తన మొహం గీసుకుంది. తన పక్క చోటు ఎప్పుడూ చెల్లెలిది. కలం ముంచి, అక్కడికి తెచ్చి, ఆగిపోయింది.

గీశానా? ఇంకా గీయలేదా?

గుడ్డ వైపు చూసింది. గుడ్డ పాలిపోయిన పసుపుపచ్చగా ఎటు చూసినా ఒక్కలాగే ఉంది. పొద్దున గీసినట్టే ఉంది. చెల్లెలి ముక్కు దగ్గర చెయ్యి వణికినట్టు కూడా జ్ఞాపకం. కానీ ఆ వణుకు ఈ పొద్దుటిదో, పోయినేటిదో.

లేచింది. వాకిట్లోకి వెళ్లింది, వచ్చింది. మళ్లీ వెళ్లింది. చెల్లెలు పుల్లలు ఏరుకురావడానికి పోయింది కదా అని, గుడ్డ మీదికి వంగి ఆ చోట నాలుక ఆనించింది. పటిక ఉంటే వగరు తగలాలి. వగరే తగిలింది. కాస్త అవతల నాకింది. అక్కడా వగరే. కరక్కాయ కూడా వగరే కదా! ఆ సంగతీ మరిచిపోయింది.

"అదేంటక్కా, గుడ్డ నాకుతున్నావు?" గుమ్మంలో పుల్లలమోపుతో కాగమ్మ. "నేను నీకు అన్నం పెట్టలేదని ఊరంతా అనుకోవాలనా?"

"ఆరిందో లేదో చూస్తున్నా."

"ఆరిందో లేదో చేత్తో చూస్తారమ్మా మనుషులు. మేకలు చూస్తాయి నాలుకతో." మోపు కిందికి పడేసి, గొంతు తగ్గించి అంది: "చూడు, రెండు చిటికెల బొగ్గు నలిపి కలుపుకోరాదూ. నేనెవరికీ చెప్పనులే."

"అమ్మ కలిపిందా?"

"అమ్మ నీ వయసుదాకా బతికిందా?"

పటికమ్మ గుడ్డ వైపు తిరిగింది. ఒక్క మాట అడిగితే అయిపోయేది. 'నిన్ను గీసేటప్పుడు చూశావుటే?' అంతే. కానీ ఎలా అడుగుతుంది? పుట్టిందగ్గర్నుంచీ ఒకే చాప మీద పడుకున్న చెల్లెల్ని, నిన్ను మరిచిపోయానేమో అని ఏ నోటితో అడుగుతుంది? వీధి చివరివాణ్ణి మరిచినా ఊరు ఊరుకుంటుంది. చెల్లెల్ని మరిచిన మనిషికి ఇంక ఏం మిగిలినట్టు?

కాగమ్మ అవతలికి వెళ్లగానే కలం ముంచి, చెల్లెలి మొహం గీసేసింది. ప్రాణం కుదుటపడింది.

అన్నం తిని వచ్చేసరికి ఆ కుదురు లేదు. గీద్దామనుకున్నానా, గీశానా? గీయకపోతే చెల్లెలు ఏరు దాటిపోతుంది. గీసినదాని మీద మళ్లీ గీస్తే ఏం పోయింది? గీసింది. చెయ్యి కడుక్కోవడానికి లేచి, వెనక్కి వచ్చి గీసింది. ఎండ జరిగిన కొద్దీ గీసింది. మర్నాడూ అంతే. ఊళ్లో మిగతావాళ్ల గురించి ఆవిడకు బెంగ లేదు. ఆ ఒక్క చోటు మాత్రం ఎన్నిసార్లు నింపినా నిండినట్టు అనిపించలేదు.

కాగు ఏటి ఒడ్డున, కోట గుమ్మానికి ఎదురుగా ఉండేది. కాగమ్మ గుడ్డ ఉడికించి, ఏటిలో జాడించి, ఇసుక మీద పరిచింది. గుడ్డ మీద ఎర్రగా కుమ్మరివాళ్లు వచ్చారు, వడ్లవాళ్లు వచ్చారు, చేపలవాళ్లు మీసాలతో సహా వచ్చారు. మూలన పటికమ్మ వచ్చింది. ఆవిడ పక్కన ముదురెర్రటి ముద్ద ఒకటి, ఎండిన నెత్తురులా. కళ్లు లేవు, ముక్కు లేదు. గీత మీద గీత పడి, వేటికవి కొంచెం కొంచెం జరిగి, అన్నీ ఒకదాన్నొకటి మింగేశాయి.

కాగమ్మ పక్కన చతికిలబడి ఆ ముద్దను వేలితో తడిమింది.

"ఎన్నిసార్లు గీశావక్కా?"

"ఏది?"

"ఏం లేదులే."

ఆ పూటే గుడ్డను గుమ్మానికి వేలాడదీశారు. అందరూ ఒక్కొక్కరే లోపలికి పోయారు. చివరికి అక్కచెల్లెళ్లు మిగిలారు. భటుడు పటికమ్మను పోల్చి, సరే అన్నాడు. కాగమ్మను చూసి, గుడ్డను చూసి, మెడ గోక్కున్నాడు.

"నీ మొహమేదమ్మా?"

"ఉంది కదా, మా అక్క పక్కన."

"అది మొహమా? మాడిన అట్టులా ఉంది."

లోపలినుంచి ఎవరో నవ్వారు. పటికమ్మ ముందుకు వచ్చింది. చేతిలో పటికనీళ్ల ముంత అలాగే ఉంది. "అది మా చెల్లెలే, నాయనా. మరీ ఎక్కువసార్లు తలుచుకున్నాను. అందుకే అలా అయింది."

"మనిషి నాకు తెలీదా, పెద్దమ్మా? రోజూ ఈవిడ చేత తిట్లు తినేవాణ్ణే," అన్నాడు భటుడు, చిన్నబోయిన మొహంతో. "కానీ నన్ను ఇక్కడ పెట్టింది తెలుసుకోవడానికి కాదు. పోల్చడానికి."

"పోలితే చాలా?" అంది కాగమ్మ.

"చాలు."

కాగమ్మ అక్క చేతిలోని ముంత అందుకుంది. అందులో మిగిలిన పటికనీళ్లు మొహాన కుమ్మరించుకుంది. కాగు దగ్గరికి నడిచి, అడుగున ఇంకా వెచ్చగా ఉన్న చిరివేరు పిప్పి దోసిళ్లతో తీసి, నుదుటికీ రెప్పలకూ బుగ్గలకూ పెదవులకూ పట్టించింది. పట్టించి, ఎండలో నిలబడింది. ఆరాక మళ్లీ పట్టించింది. వెనక్కి వచ్చేసరికి ఆ మొహంలో కళ్లెక్కడో, నోరెక్కడో చెప్పడం కష్టం.

భటుడు గుడ్డను చూశాడు. ఆవిడను చూశాడు. పక్కకు తప్పుకున్నాడు.

పటికమ్మ సంతోషంతో ఏడ్చింది. చెల్లెలి చెయ్యి పట్టుకుని ఇంటికి వెళ్లింది.

మర్నాడే వచ్చే ఏటి గుడ్డ ముందు కూర్చుంది. ఎర్ర మొహం మనిషి ఎవరో పక్కన కూర్చుని కరక్కాయలు దంచుతోంది. పటికమ్మ ఆవిడను ఎగాదిగా చూసింది.

"ఎవరమ్మా నువ్వు? మా చెల్లెలు కనబడిందా?"

రోకలి ఆగింది. "ఎలా ఉంటుంది మీ చెల్లెలు?"

"ఎలా ఉంటుందా! చూడు." పటికమ్మ కలం ముంచింది. చెయ్యి వణకలేదు. ఎడమ కనుబొమ మీద కాగు ఆవిరి కాల్చిన మచ్చ, పక్కకు నవ్వే పెదవి, ఆ నవ్వులో కనిపించే ఒంకర పన్ను, ఎవరినో తిట్టబోతున్నట్టు పైకి లేచిన గడ్డం. అన్నీ వచ్చాయి. ఒక్క గీత తప్పలేదు.

ఎర్ర మొహం మనిషి వంగి చూసింది. తడి ఉన్నంతసేపూ చూసింది. ముందు గడ్డం ఆరిపోయింది, తరవాత నవ్వు, చివరికి కళ్లు. మళ్లీ ఉత్త గుడ్డ.

పటికమ్మ కలం మళ్లీ ముంచి, గుడ్డ మీదికి తెచ్చి, ఆగింది. ఇటూ అటూ చూసి, పక్క మనిషి చెవి దగ్గరికి జరిగింది.

"నువ్వు పరాయిదానివి కాబట్టి అడుగుతున్నా. ఎవరితోనూ అనకు. మా చెల్లెల్ని గీశానా?"

ఆ మనిషి ఆవిడ మణికట్టు పట్టుకుని, మెల్లగా కలం పక్కన పెట్టించింది.

"గీశావు," అంది. "నేను చూశాను."